సంతకానికి ముందు జరగాల్సిన పని

2021 జూన్ 24న అమెరికా అధ్యక్షుడు జో బైడెన్ రెండు పార్టీల సెనేటర్లను పక్కన నిలబెట్టుకుని, రోడ్లు, వంతెనలు, రైలు మార్గాల బిల్లుపై ఒప్పందం కుదిరిందని వైట్‌హౌస్ బయట ప్రకటించారు. కొద్ది గంటలు గడవకముందే, తమ పార్టీ కోరుకుంటున్న మరో పెద్ద బిల్లు కూడా తన దగ్గరకు రాకపోతే దీని మీద సంతకం పెట్టేది లేదని విలేకరుల ముందు అనేశారు. అప్పుడే చేతులు కలిపి వెళ్లిన రిపబ్లికన్ సెనేటర్లకు అది మాట తప్పడంగానే కనిపించింది. అధ్యక్షుడి సలహాదారు స్టీవ్ రిషెటీ, శాసన వ్యవహారాల సిబ్బంది వెంటనే ఫోన్లు అందుకుని, ఒప్పందంలో ఉన్న సెనేటర్లకు సర్దిచెప్పే పనిలో పడ్డారు. శనివారం అధ్యక్షుడి పేరుతో ఒక వివరణ వెలువడింది. వీటో చేస్తానని బెదిరించడం తన ఉద్దేశం కాదని అందులో ఒప్పుకున్నారు. ఆగస్టు 10న ఆ బిల్లు సెనేట్‌లో 69–30 ఓట్లతో గట్టెక్కింది. అనుకూలంగా ఓటేసినవారిలో 19 మంది రిపబ్లికన్లు ఉన్నారు. అధ్యక్షుడు నోరు జారి చెడగొట్టుకున్న పనిని తెర వెనుక సిబ్బంది నిలబెట్టారు.

అమెరికా అధ్యక్షుడి గురించి మనం ఎంతో చదువుతాం. ఆయన ప్రసంగం, పర్యటన, ట్వీటు అన్నీ మన పత్రికల్లో వస్తాయి. ఆయనకూ చట్టసభకూ మధ్య రాకపోకలు సాగించే శాసన వ్యవహారాల కార్యాలయం మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ కార్యాలయం ఎలా పనిచేస్తోందో చూస్తే ఆ అధ్యక్షుడి పాలన ఎలా సాగుతుందో చాలావరకు చెప్పేయవచ్చు. అది చేసేది పైరవీ అని తీసిపారేయడానికి లేదు. ప్రజాస్వామ్యానికి అత్యవసరమైన పని అది, దాన్ని సరిగా చేయని అధ్యక్షుడు ఎంత పెద్ద మెజారిటీతో వచ్చినా చేతులు కట్టేసుకున్నట్టే. మన పద్ధతికి అలవాటు పడ్డవారికి ఇది వెంటనే బోధపడకపోవచ్చు. మన ప్రధానమంత్రి, ముఖ్యమంత్రి చట్టసభలోనే కూర్చుంటారు. పార్టీ విప్ జారీ చేస్తే సభ్యుడు చెయ్యెత్తాలి, లేకపోతే 1985లో వచ్చిన పదో షెడ్యూల్ ప్రకారం పదవి పోతుంది. అమెరికాలో అధ్యక్షుడు సభలో సభ్యుడు కాడు, బిల్లు తానుగా ప్రవేశపెట్టలేడు. సొంత పార్టీ సభ్యుడు కాదన్నా అతని సీటు లాక్కోలేడు. అందుకే ఒక్కొక్కరి దగ్గరకూ వెళ్లి, ఒప్పించి, ఓటు సంపాదించుకోవాలి.

ఈ పనికి వైట్‌హౌస్‌లో పద్ధతి ప్రకారం ఒక విభాగం ఏర్పడింది 1953లో, ఐసెన్‌హోవర్ హయాంలో. అంతకు ముందు అధ్యక్షులు ఎవరో ఒక ఆంతరంగికుణ్ని పంపి పని నడిపించుకునేవారు. సైన్యాధిపతిగా పనిచేసిన ఐసెన్‌హోవర్‌కు ప్రతి పనికీ బాధ్యుడు ఉండాలన్న పట్టింపు. జనరల్ విల్టన్ పర్సన్స్‌కు ఆ బాధ్యత అప్పగించారు, తర్వాత దాన్ని బ్రైస్ హార్లో చేపట్టారు. ఓక్లహోమా నుంచి వచ్చిన హార్లోకు చట్టసభ కమిటీల్లో పనిచేసిన అనుభవం ఉంది. తేలిగ్గా మాట ఇవ్వడనీ, ఇస్తే నిలబెట్టుకుంటాడనీ రెండు పార్టీల్లోనూ ఆయనకు పేరుండేది. తర్వాతి అరవై డెబ్భై ఏళ్లలో ఈ కుర్చీలో రాణించినవాళ్లను చూడండి. వాళ్లలో చాలామందికి ఈ రెండు లక్షణాలూ ఉన్నాయి. చట్టసభ వీధులు తెలిసి ఉండటం ఒకటి, ఇచ్చిన మాటకు విలువ ఉండటం మరొకటి.

ఆ విభాగాన్ని సిసలైన యంత్రంగా మలచినవాడు కెనెడీ సహాయకుడు లారీ ఓబ్రయన్. 1961 జనవరి 20న కెనెడీ ప్రమాణం చేశారు. పదకొండు రోజులకే పరీక్ష ఎదురైంది. ప్రతినిధుల సభలో ఏ బిల్లు చర్చకు రావాలో తేల్చేది రూల్స్ కమిటీ. దాని అధ్యక్షుడు వర్జీనియాకు చెందిన హోవార్డ్ స్మిత్, పౌరహక్కుల బిల్లులు కమిటీ గడప దాటకుండా ఆపగల దిట్ట. ఆయన పట్టు సడలించాలంటే కమిటీని 12 మంది నుంచి 15 మందికి పెంచాలి. స్పీకర్ శామ్ రేబర్న్ బరిలోకి దిగారు, వైట్‌హౌస్ వెనక నిలబడింది. జనవరి 31న ఓటింగ్ జరిగితే అనుకూలం 217, వ్యతిరేకం 212. కెనెడీ పార్టీకి సభలో తిరుగులేని మెజారిటీ ఉంది. అయినా 64 మంది డెమొక్రాట్లు ఎదురు తిరిగారు, 22 మంది రిపబ్లికన్లు కలిసి రాకపోతే పని జరిగేది కాదు. కాగితం మీద మెజారిటీ ఉన్నంత మాత్రాన సభలో ఓట్లు పడవని ఓబ్రయన్‌కు తొలి నెలలోనే తేటతెల్లమైంది.

తర్వాత ఆయన పెట్టిన క్రమశిక్షణ దగ్గరగా చూడదగింది. ప్రతి శాఖలోనూ చట్టసభ వ్యవహారాలు చూసే అధికారి సోమవారం మధ్యాహ్నానికల్లా ఒక నివేదిక పంపాలి: పోయిన వారం ఏం జరిగింది, ఈ వారం ఏ కమిటీలో ఏ బిల్లు కదలబోతోంది, ఎవరు అడ్డుపడుతున్నారు. ఆ రాత్రికి వాటన్నిటినీ కుదించి అధ్యక్షుడికి అందించేవారు. మంగళవారం పొద్దున సభా నాయకులతో ఫలహారానికి కూర్చునే వేళకు కెనెడీ చేతిలో సమాచారం సిద్ధంగా ఉండేది. సిబ్బందిలో పని పంపకం కూడా మనుషుల్ని ఎరిగి చేసిందే. దక్షిణాది సభ్యులతో మాట్లాడటానికి నార్త్ కరోలినాకు చెందిన హెన్రీ హాల్ విల్సన్, సెనేట్‌కు ఎన్నో ఏళ్లు అక్కడే పనిచేసిన మైక్ మనటోస్. ఏదైనా నియోజకవర్గానికి కేంద్ర నిధులు, కాంట్రాక్టు మంజూరైతే ఆ కబురు ముందుగా అక్కడి డెమొక్రాటిక్ సభ్యుడి చెవిన వేసేవారు, ఊళ్లో ప్రకటించే గౌరవం ఆయనకు దక్కేది. అధికార పక్షానికే దక్కిన మర్యాద అన్న లోపం అందులో ఉన్నా, ఖజానా మీద అదనపు భారం లేకుండా సభ్యుడికి తన ఊళ్లో తల ఎత్తుకునే అవకాశం ఇచ్చింది. ఆదివారాలు ఓబ్రయన్ ఇంట్లోనే సభ్యులకు భోజనాలు, వంట ఆయన భార్యది. మనుషుల మధ్య నడిచే ఏ వ్యవహారంలోనైనా విందుకు ఉన్న విలువ మనకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ఈ పని చేయకపోతే ఏమవుతుందో జిమ్మీ కార్టర్ తొలి ఏడాది చెబుతుంది. 1977లో ఆయన పార్టీకి ప్రతినిధుల సభలో 292 స్థానాలు, సెనేట్‌లో 61. ఇంతటి బలం తర్వాత ఏ అధ్యక్షుడికీ దక్కలేదు. శాసన వ్యవహారాలు జార్జియా నుంచి వెంట తెచ్చుకున్న ఫ్రాంక్ మూర్‌కు అప్పగించారు. వాషింగ్టన్ ఆయనకు కొత్త. సిబ్బందిని మొదట సభల వారీగా కాక, విషయాల వారీగా విభజించారు. ఇంధనం మీద ఫోన్ చేసిన సభ్యుడికి ఒకరు, వ్యవసాయం మీద అడిగితే మరొకరు. తన మనిషి ఫలానా అని సభ్యుడికి చెప్పుకోవడానికే లేకుండా పోయింది. ఫోన్ చేస్తే తిరిగి చేసే దిక్కు లేదన్న ఫిర్యాదులు గుట్టలుపడ్డాయి. ప్రమాణ స్వీకారానికి ముందు రోజు జరిగిన వేడుకలో స్పీకర్ టిప్ ఓనీల్ బంధువులకు ఎక్కడో వెనక వరుసల్లో సీట్లు ఇచ్చారు. ఆయన ఆ అవమానాన్ని ఏళ్ల తరబడి మరిచిపోలేదు, తన జ్ఞాపకాల పుస్తకంలో కూడా రాసుకున్నారు. ఫిబ్రవరిలో 19 జల ప్రాజెక్టులకు నిధులు కత్తిరించాలని కార్టర్ నిర్ణయించారు. ఆయా ప్రాంతాల సభ్యులు చాలామందికి ఆ సంగతి పత్రికల ద్వారా తెలిసింది. ఆ ప్రాజెక్టుల్లో కొన్ని నిజంగానే డబ్బు దండగ, పర్యావరణానికి చేటు. కార్టర్ వాదనలో పస ఉందనే నేను నమ్ముతాను. కానీ సొంత పార్టీవారిని ముందుగా పిలిచి చెప్పకుండా వారి ఊరి ఆనకట్టను రద్దు చేస్తే, ఆ వాదన వినే ఓపిక ఎవరికి ఉంటుంది? ఇంట గెలిచాకే రచ్చ గెలవాలి, కార్టర్ ఇంట్లోనే ఓడారు.

అదే కార్టర్ ఏడాది తిరిగేసరికి ఎలా మారారో కూడా చెప్పాలి, లేకపోతే ఆయనకు అన్యాయం చేసినవాళ్లం అవుతాం. చట్టసభలో పనిచేసిన అనుభవజ్ఞులను సిబ్బందిలోకి తీసుకున్నారు, పని పంపకాన్ని సభల వారీగా మార్చారు. 1978లో పనామా కాలువ ఒప్పందాలు సెనేట్ ముందుకు వచ్చినప్పుడు జనాభిప్రాయం వాటికి అనుకూలంగా లేదు. మూడింట రెండు వంతులు, అంటే 67 ఓట్లు కావాలి. వైట్‌హౌస్ సిబ్బంది ఆయా రాష్ట్రాల పెద్దమనుషులను పిలిపించి ఒప్పందాల గురించి వివరించారు, ఇంటి దగ్గర సెనేటర్‌కు మాట పడకుండా ముందే నేల చదును చేశారు. సెనేటర్లు పనామా వెళ్లి కాలువను కళ్లారా చూసి వచ్చారు. కాలిఫోర్నియా సెనేటర్ హయకావా భాషాశాస్త్ర పండితుడు. ఆయన రాసిన పాఠ్యపుస్తకాన్ని కార్టర్ కూర్చుని చదివి, దాని మీద ఆయనతో ముచ్చటించారు. మార్చిలో ఒక ఒప్పందం, ఏప్రిల్‌లో రెండోది, రెండూ 68–32 ఓట్లతోనే నెగ్గాయి. కావలసినదాని కన్నా ఒకే ఒక్క ఓటు ఎక్కువ.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి ఉంది. రాజనీతి శాస్త్రజ్ఞుడు జార్జ్ ఎడ్వర్డ్స్ 1989లో వెలువరించిన ‘ఎట్ ద మార్జిన్స్’ అనే గ్రంథంలో, అధ్యక్షుడి నేర్పు ప్రభావం అంచుల్లోనే ఉంటుందనీ, ఫలితాన్ని తేల్చేది సభలో పార్టీల బలాబలాలేననీ లెక్కలతో వాదించారు. ఆయన మాటకు ఆధారాలు లేకపోలేదు. వృద్ధుల వైద్యబీమా బిల్లును 1962లో సెనేట్ 52–48తో పక్కన పెట్టింది. ఓబ్రయన్ అప్పుడూ ఉన్నారు. 1964 ఎన్నికల్లో డెమొక్రాట్లు ప్రతినిధుల సభలో 295 స్థానాలు గెలిచాక, 1965లో అదే ఆశయం మెడికేర్‌గా చట్టమైంది. అంతెందుకు, అంతగా తిట్లు తిన్న కార్టర్ కూడా తాను వైఖరి ప్రకటించిన ఓటింగుల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు గెలిచారు. ఈ వాదనను నేను సగం ఒప్పుకుంటాను. సీట్లు లేనిచోట ఎంత మంచి దూత వెళ్లినా వట్టి చేతులతోనే తిరిగొస్తాడు. కానీ ఓటింగు దాకా వచ్చిన బిల్లులను మాత్రమే లెక్కపెడితే, రాకుండానే చచ్చిపోయినవాటి సంగతి ఎవరు చెబుతారు? కార్టర్ సంక్షేమ సంస్కరణల బిల్లు సభలో ఓటింగు మొహం చూడలేదు. వినియోగదారుల రక్షణ సంస్థ బిల్లు 1978లో అంత మంది సొంత సభ్యులున్న సభలోనే 189–227తో ఓడిపోయింది. ఇక అంచుల మాటకొస్తే, చట్టాలు తేలేది ఆ అంచుల్లోనే. క్లింటన్ 1993 బడ్జెట్ ప్రతినిధుల సభలో 218–216తో నెగ్గింది, సెనేట్‌లో ఉపాధ్యక్షుడు అల్ గోర్ ఓటుతో బయటపడింది. 2025లో ట్రంప్ భారీ పన్నుల బిల్లు మే నెలలో ప్రతినిధుల సభ దాటినప్పుడు తేడా ఒకటే ఓటు, 215–214. జూలై 1న సెనేట్‌లో 50–50గా నిలిచి ఉపాధ్యక్షుడి ఓటుతో గట్టెక్కింది. ఇలాంటి సభల్లో ఇద్దరు ముగ్గురి మనసు తెలియడం చిన్న విషయం ఎలా అవుతుంది?

పార్టీలు ఇంతగా చీలిపోయిన కాలంలో ఒప్పించడాలు, బుజ్జగింపులు పాతకాలపు ముచ్చట అనీ, సభ్యుణ్ని దారికి తేవాలంటే భయపెట్టడమే మేలనీ మరికొందరు అంటారు. భయం కొందరి మీద కొంతకాలం పనిచేస్తుంది, నిజమే. 2017 జూలైలో ఒబామా ఆరోగ్య చట్టాన్ని తీసేయాలని రిపబ్లికన్లు పట్టుబట్టినప్పుడు, అలాస్కా సెనేటర్ లీసా మర్కౌస్కీ తొలి అడుగులోనే సొంత పార్టీకి ఎదురు ఓటేశారు. ఆ వెంటనే అంతర్గత వనరుల మంత్రి అలాస్కా సెనేటర్లకు ఫోన్ చేసి, రాష్ట్ర ప్రయోజనాలకు ఇబ్బంది రావచ్చన్న సూచన చేసినట్టు అక్కడి పత్రిక రాసింది. ఆ మంత్రి శాఖను పర్యవేక్షించే సెనేట్ కమిటీకి అధ్యక్షురాలు మర్కౌస్కీయే. ఈ ప్రాథమిక సమాచారం ఫోన్ చేసినవారికి తట్టలేదో, తట్టినా లెక్క చేయలేదో గానీ, ఆమె వెనక్కి తగ్గలేదు. జూలై 28న రిపబ్లికన్ సెనేటర్లు మెకెయిన్, కాలిన్స్, మర్కౌస్కీ ముగ్గురూ కాదనడంతో బిల్లు 49–51తో కూలిపోయింది. తమ ఎదుట ఉన్నది ఎవరో తెలిసిన దూత ఆ ఫోన్ చేయనిచ్చేవాడు కాదు.

ఇక సంతలో బేరాల ఆరోపణ. రీగన్ 1981లో ప్రతిపక్షం చేతిలో ఉన్న ప్రతినిధుల సభలో రెండు పెద్ద విజయాలు సాధించారు. మే నెలలో బడ్జెట్ 253–176తో నెగ్గింది, 63 మంది డెమొక్రాట్లు కలిసి వచ్చారు. జూలైలో పన్నుల కోత 238–195తో నెగ్గింది. ఆయన శాసన వ్యవహారాల అధిపతి మాక్స్ ఫ్రీడర్స్‌డార్ఫ్ నిక్సన్, ఫోర్డ్‌ల దగ్గర ఇదే పని చేసి ఆరితేరినవాడు. మార్చి 30న తూటా దెబ్బ తిని రీగన్ ఆసుపత్రిలో ఉన్నప్పుడు, స్పీకర్ ఓనీల్ వచ్చి మంచం పక్కన మోకరిల్లి ప్రార్థించి, నుదుట ముద్దు పెట్టారని గదిలో ఉన్న ఫ్రీడర్స్‌డార్ఫ్ తర్వాత చెప్పారు. విధానాల్లో నువ్వా నేనా అని కొట్టుకున్న ఇద్దరి మధ్య ఆ మాత్రం ఆత్మీయత మిగలడం మంచి రాజకీయాలకు గుర్తు. అయితే అదే వేసవిలో లూయిజియానా సభ్యుల కోసం చక్కెర ధరల మద్దతుపై వైట్‌హౌస్ వైఖరి మార్చుకుంది. పన్నుల బిల్లు మీద రెండు పార్టీలూ పోటీపడి రాయితీలు గుప్పించాయి. లోటు పెరిగి, మరుసటి ఏడాదే రీగన్ పన్నులు పెంచే చట్టం మీద సంతకం చేయాల్సి వచ్చింది. అందుకే నేను ఒక గీత గీస్తాను. సభ్యుడికి సమాచారం, గౌరవం, అతని నియోజకవర్గపు బాధ వినే చెవి ఇవ్వడం ఒక ఎత్తు. బిల్లుతో సంబంధం లేని వరం ఇచ్చి ఓటు కొనడం మరో ఎత్తు. మొదటి పని రోజూ జరుగుతుంటే, రెండోదాని అవసరం తగ్గుతుంది. చివరి రాత్రి పరుగులు పెట్టేవాడే ఎక్కువ ధర చెల్లించాల్సి వస్తుంది.

ఈ సిబ్బంది ఎవరికి జవాబుదారీ అన్న ప్రశ్న మాత్రం నన్ను నిజంగా కలవరపెడుతుంది. వీరిని ప్రజలు ఎన్నుకోలేదు, సెనేట్ ఆమోదించలేదు. ప్రభుత్వ సొమ్ముతో చట్టసభ మీద ఒత్తిడి తేకూడదని 1919లోనే అమెరికా చట్టం చేసుకుంది. అధ్యక్షుడి మనుషులు సభ్యులతో నేరుగా మాట్లాడటానికి అది అడ్డు కాదని న్యాయశాఖ చెబుతూ వచ్చింది. మాట్లాడటం ఆపమని నేనూ అనను. రాజ్యాంగం అధ్యక్షుడికి సభకు సిఫార్సులు పంపే బాధ్యత ఇచ్చినప్పుడు, ఆ సిఫార్సు వెంట నడిచే మనిషి ఉండక తప్పదు. కానీ ఎవరు ఎవరిని కలిశారో జనానికి తెలియాలి. వైట్‌హౌస్‌కు వచ్చిపోయేవారి జాబితాలను ఒబామా 2009లో బయటపెట్టడం మొదలుపెట్టారు, ట్రంప్ 2017లో ఆపేశారు, బైడెన్ మళ్లీ మొదలుపెట్టారు. అధ్యక్షుడి ఇష్టాయిష్టాలకు వదిలేయాల్సిన విషయం కాదిది. దాన్ని చట్టంగా రాయాలి.

ఈ వ్యవహారమంతా మనకెందుకు అనే పాఠకుడికి ఒక జవాబు ఉంది. తెలుగు డాక్టర్లకు, ఇంజినీర్లకు అమెరికా తలుపు తెరిచింది 1965 వలస చట్టం. ఓబ్రయన్ యంత్రం ఉరకలెత్తిన ఏడాదిలో రెండు సభలూ దాటి వచ్చిన చట్టం కాబట్టి ఆరు దశాబ్దాలైనా దాని పునాది నిలిచి ఉంది. దీనికి భిన్నంగా, హెచ్–1బీ ఉద్యోగుల జీవిత భాగస్వాముల్లో కొందరు పనిచేసుకునే వీలు 2015లో ప్రభుత్వ నిబంధన ద్వారా వచ్చింది. చట్టం కాదు కాబట్టి అది ఎప్పుడు పోతుందోనన్న భయంతోనే ఎన్నో తెలుగు కుటుంబాలు ఏళ్లు గడిపాయి. 2025 సెప్టెంబర్ 19న అధ్యక్షుడు ఒక్క ప్రకటన మీద సంతకం పెడితే, కొత్త హెచ్–1బీ దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము వచ్చి పడింది. సభను ఒప్పించే ఓపిక లేని పాలన ఇలాంటి సంతకాలతో నడుస్తుంది. ఒకరు పెట్టింది మరొకరు కొట్టేస్తారు, మధ్యలో నలిగేది మనుషులు.

ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి ఉన్న 7 శాతం పరిమితి ఎత్తేయాలన్న బిల్లు 2019 జూలై 10న ప్రతినిధుల సభలో 365–65తో నెగ్గింది. రెండు పార్టీలూ కలిసి వేసిన ఓటు అది. 2020 డిసెంబర్ 2న సెనేట్ దాన్ని వేరే రూపంలో ఆమోదించింది. రెండు రూపాలనూ ఒకటి చేయడానికి మిగిలింది నెల రోజులు. 2021 జనవరి 3న సభ కాలం ముగిసింది, బిల్లూ దానితోనే పోయింది. రెండు సభల మధ్య తిరిగి, ఒక్కో వాక్యం మీద రాజీ కుదిర్చి, అధ్యక్షుడి బల్ల దాకా బిల్లును నడిపించే పట్టుదల ఆ నెలలో వైట్‌హౌస్ నుంచి రావాల్సింది. అమెరికాలో ఓటు హక్కు ఉన్న తెలుగువారు ఇకపై అభ్యర్థులను ఒక ప్రశ్న అదనంగా అడగాలి: మీరు గెలిస్తే చట్టసభ దగ్గరకు ఎవరిని పంపుతారు, ఆ మనిషి మాటకు అక్కడ విలువ ఉందా?